ఆటో రేంజ్ పడిపోయింది, ఎండ వల్లేనా? ఇంకోటి: రైలు బ్యాటరీతో ఎందుకు నడవదు?

పాలమూరు ఆటో · మహబూబ్‌నగర్ · ఏప్రిల్ 19, రాత్రి 10:12

అందరికీ నమస్కారం. పోయిన దసరాకు డీజిల్ ఆటో అమ్మేసి ఎలక్ట్రిక్ ఆటో తీసుకున్నాను. న్యూటౌన్, బస్టాండ్, మెట్టుగడ్డ, రైల్వే స్టేషన్ తిరుగుతా. ఆదివారాలు పిల్లలమర్రి కిరాయిలు ఉంటాయి. చలికాలమంతా ఫుల్ చార్జింగ్‌కు 110 కిలోమీటర్లు వచ్చేది. ఈ నెల మొదటి నుంచి 75 రావడమే గగనమైంది.

మొన్న జడ్చర్ల కిరాయి వేసుకుని తిరిగొస్తుంటే మీటర్‌లో ఇంకా 22 శాతం చూపిస్తుండగానే బండి టక్కున ఆగిపోయింది. మిట్టమధ్యాహ్నం. వెనక ముగ్గురు, అందులో ఒకామె ఒళ్లో చంటిపిల్ల. తెలిసిన ఆటో అతన్ని పిలిచి వాళ్లను ఎక్కించి డబ్బులు వాపస్ ఇచ్చాను. బండిని తోసుకుని చెట్టు కింద పెట్టి గంటసేపు కూర్చున్నా. షోరూంలో అడిగితే "ఎండలకు అంతే" అన్నారు. నెలనెలా కిస్తీ కట్టేవాడికి ఆ మాట సరిపోదు. నిజంగా ఎండకు ఇంత పడిపోతుందా?

రెండోది మా పాప అడిగింది. ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. స్టేషన్ దగ్గర కిరాయి కోసం ఆగినప్పుడు, "నాన్నా, మన ఆటో బ్యాటరీతో నడుస్తుంటే ఈ రైలుకు పైన తీగ ఎందుకు?" అంది. నా దగ్గర జవాబు లేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

గద్వాల పాలిటెక్నిక్ · రాత్రి 10:20

అన్నా, ఎండే. 43 డిగ్రీల్లో మన ఫోన్లే ఆగిపోతున్నాయి.

నీలగిరి బ్యాటరీ మెకానిక్ · నల్గొండ · రాత్రి 10:51

ఎండ మీదికి నెట్టకముందు నాలుగు సంగతులు చెప్పు తమ్మీ. బ్యాటరీ డబ్బా మీద స్టిక్కర్ ఉంటుంది, దాని మీద ఎన్ని వోల్టులని రాసి ఉంది? చార్జింగ్ ఎప్పుడు పెడతావు, ఎక్కడ పెడతావు? ప్రతిసారీ 100 దాకా పోనిస్తావా, మధ్యలోనే తీసేస్తావా? టైర్లలో గాలి ఎప్పుడు చూపించావు?

పాలమూరు ఆటో · ఏప్రిల్ 20, ఉదయం 6:05

అన్నా, స్టిక్కర్ మీద 51.2 వోల్టులు, 150 ఏహెచ్ అని ఉంది. పొద్దున 6 నుంచి మధ్యాహ్నం 2 దాకా తిప్పి ఇంటికొచ్చి వెంటనే చార్జింగ్‌కు పెడతా. ఇంటి పక్కన రేకుల షెడ్డు, అందులోనే. సంక్రాంతి దాటినప్పటి నుంచి 90 దగ్గర తీసేస్తున్నా. 100 దాకా పెడితే బ్యాటరీ తొందరగా పోతుందని స్టాండ్‌లో ఒకాయన చెప్పాడు, వాట్సాప్‌లో కూడా అదే వచ్చింది. గాలి పోయిన నెల చూపించా.

నీలగిరి బ్యాటరీ మెకానిక్ · ఉదయం 9:30

దొరికింది తమ్మీ. నీ మాటల్లోనే ఉంది లెక్క.

ఫుల్ చార్జింగ్‌కు 110 వచ్చేది. 90 దగ్గర తీసేస్తే అక్కడే 99కి వచ్చింది. 22 శాతం మిగిలి ఉండగానే ఆగిపోతే నువ్వు వాడుకున్నది 68 శాతమే. 110లో 68 శాతం అంటే 75. నువ్వు చెప్పిన అంకె అదే కదా! కిలోమీటర్‌కు తాగే కరెంటు ఏం పెరగలేదు. పైన 10, కింద 22 నీ చేతికి రావడం లేదు, అంతే. దీన్ని ఎండ మీద వేయలేం. వేడిగా ఉన్న బ్యాటరీ ఆ పూటకు బాగానే పనిచేస్తుంది. ఎండ దెబ్బ నెమ్మదిగా, ఏళ్ల మీద కనబడుతుంది. అది తర్వాత చెప్తా.

51.2ను 3.2తో భాగించు, 16 వస్తుంది. నీ డబ్బాలో 16 సెల్లుల వరస ఉందన్నమాట. సెల్లుకు 3.2 వోల్టులంటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్. మేం ఎల్ఎఫ్‌పీ అంటాం. స్కూటర్లలో, కార్లలో చాలావాటికి ఎన్ఎంసీ ఉంటుంది, నికెల్, మాంగనీస్, కోబాల్ట్‌తో చేసేది, సెల్లుకు 3.6, 3.7 వోల్టులు. నీకు వచ్చిన వాట్సాప్ సలహా ఆ రకానికి మంచిదే. నీదానికి అదే తిప్పలు తెచ్చింది.

ఎట్లాగంటే, 16 సెల్లులు 16 మంది ఒకే తాడు పట్టుకుని లాగుతున్నట్టు. ఒకడు అలిసిపోతే మొత్తం ఆగాల్సిందే. లోపల బీఎంఎస్ అనే బోర్డు ఉంటుంది, ప్రతి సెల్లు వోల్టేజీ విడివిడిగా చూస్తుంటుంది. ఏ ఒక్క సెల్లు 2.5 దగ్గరికి పడిపోయినా మిగతా 15 సెల్లుల్లో ఎంత ఉన్నా కరెంటు కట్ చేస్తుంది. ఆ సెల్లు పాడవకుండా కాపాడుతోందది. నీ బండి టక్కున ఆగింది అందుకే.

మరి ఒక సెల్లు ఎందుకు వెనకబడింది? సెల్లుల మధ్య చిన్న చిన్న తేడాలు ఎప్పుడూ ఉంటాయి. వాటిని సమానం చేసే పనిని బ్యాలెన్సింగ్ అంటాం. చాలా బీఎంఎస్‌లు ఆ పని చార్జింగ్ చివర్లో, సెల్లు 3.4 దాటాకే మొదలుపెడతాయి. ముందు నిండిన సెల్లులో నుంచి కొంచెం కొంచెం కరెంటు తీసి చిన్న రెసిస్టర్‌లో కాల్చేస్తాయి, వెనకబడ్డది అందుకునే దాకా. నువ్వు మూడు నెలలుగా ఆ చివరిదాకా పోనివ్వనే లేదు. తేడా రోజురోజుకూ పెరిగింది.

పోయిన నెల ఇలాంటి బండే మా దగ్గరికి వచ్చింది. డబ్బా విప్పి మల్టీమీటర్ పెట్టి ఒక్కో సెల్లు చూశాను. 15 సెల్లులు 3.2 దగ్గర ఉన్నాయి, తొమ్మిదోది 2.61. దాని మీద చెయ్యి పెడితే మామూలుగానే ఉంది. ఉబ్బు లేదు, వాసన లేదు. ఆకలితో ఉన్న సెల్లు, చచ్చిన సెల్లు కాదు. ఈ తేడా తెలియక దాన్ని పీకేసి కొత్తది వేసేవాళ్లు ఉన్నారు, వేల రూపాయలు పోతాయి.

నువ్వు చేయాల్సింది: వారం, పది రోజులు ప్రతి రాత్రీ 100 దాకా పెట్టు. 100 చూపించాక కూడా తీయకు, పొద్దుటిదాకా ఉండనివ్వు. బ్యాలెన్సింగ్ కరెంటు చాలా చిన్నది, గంటలో అయ్యే పని కాదు. మీటర్ శాతం కూడా సర్దుకుంటుంది. ఎల్ఎఫ్‌పీ వోల్టేజీ మధ్యలో అంతా ఒకేలా ఉంటుంది, 70 దగ్గర, 40 దగ్గర పెద్ద తేడా కనబడదు. అందుకే బీఎంఎస్ అప్పుడప్పుడు పైదాకా పోయి "ఇది 100" అని గుర్తు పెట్టుకోవాలి. నీది ఆ గుర్తు మరిచిపోయింది.

ఇక మధ్యాహ్నం 2 గంటలకు, రేకుల షెడ్డులో, బండి ఆపీ ఆపగానే చార్జింగ్ మాత్రం మానేయ్. ఈ సెల్లులను 45 డిగ్రీలకు మించి వేడిలో చార్జ్ చేయొద్దని తయారుచేసినవాళ్లే రాస్తారు. బయట 43 ఉంటే రేకుల కింద ఎంతుంటుందో నువ్వే చెప్పు. నీడలో పెట్టి, చల్లారాక, రాత్రికి పెట్టు.

పాలమూరు ఆటో · ఉదయం 9:58

అన్నా, చదువుతుంటే గుండె తేలికైంది. సెల్లు పోయిందేమో, 30 వేలో 40 వేలో అవుతుందేమోనని రెండు రాత్రులు నిద్ర లేదు. ఇవాళ్టి నుంచే మొదలుపెడతా.

వనపర్తి ఫిజిక్స్ · వనపర్తి · రాత్రి 8:15

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. మెకానిక్ గారు చెప్పినది అక్షరాలా నిజం. నేను రెండు మాటలు కలుపుతాను, పాపకు కూడా పనికొస్తాయి.

లిథియం బ్యాటరీలో మంట భయం ఎక్కడి నుంచి వస్తుందంటే, ఎన్ఎంసీ రకంలో పాజిటివ్ పదార్థం బాగా వేడెక్కితే అందులోని ఆక్సిజన్ బయటికి వస్తుంది. లోపలే ఇంధనం, లోపలే ఆక్సిజన్ ఉంటే బయట గాలి లేకపోయినా మండుతుంది. ఎల్ఎఫ్‌పీలో ఆ ఆక్సిజన్‌ను ఫాస్ఫరస్ గట్టిగా పట్టుకుని ఉంటుంది, తేలిగ్గా వదలదు. అసలు అంటుకోదని కాదు, కానీ చాలా ఓర్చుకుంటుంది. బదులుగా అదే బరువుకు కొంచెం తక్కువ కరెంటు దాచుకుంటుంది. ఆటోకు ఆ బరువు పెద్ద లెక్క కాదు.

ఈ పదార్థాన్ని 1997లో లోకానికి చెప్పిన పేపర్ మీద మూడు పేర్లున్నాయి: పాఢి, నంజుండస్వామి, గుడెనఫ్. మొదటి ఇద్దరూ భారతీయులే. టెక్సాస్ యూనివర్సిటీలో గుడెనఫ్ దగ్గర పనిచేశారు. గుడెనఫ్‌కు 2019లో, 97 ఏళ్ల వయసులో, విటింగ్‌హామ్, యోషినోలతో కలిపి కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. మా క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా పిల్లలు నంజుండస్వామి పేరు రెండుసార్లు పలికించుకుంటారు. పాలమూరు రోడ్ల మీద తిరిగే ఆటోల్లో ఆయన పని ఉందని తెలిస్తే ఆ కళ్లల్లో వెలుగే వేరు.

వేడి సంగతి: సెల్లులో నెగెటివ్ వైపు సన్నటి పొర ఒకటి పెరుగుతూ ఉంటుంది, అది లిథియంను మింగుతూ ఉంటుంది. వేడి పెరిగేకొద్దీ ఆ పొర తొందరగా పెరుగుతుంది. ఒకసారి మింగిన లిథియం తిరిగి రాదు. ఆ నష్టం ఈ ఏప్రిల్‌లో కనబడదు, నాలుగో ఏడాదో ఐదో ఏడాదో కనబడుతుంది. మన జిల్లాల్లో బండిని నీడలో పెట్టడం అంటే బ్యాటరీ ఆయుష్షు పెంచుకోవడమే.

డిండి రైతు · దేవరకొండ దగ్గర · రాత్రి 9:02

మేడం, మీరు చెప్పింది బాగుంది. కానీ 2022లో స్కూటర్లు వరసగా కాలిపోయాయి కదా. సికింద్రాబాద్‌లో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో మొదలైన మంటకు పైన లాడ్జిలో ఉన్నవాళ్లు 8 మంది చనిపోయారు. మా అబ్బాయి స్కూటర్ కొంటానంటే ఇప్పటికీ ఒప్పుకోలేదు. ఇంట్లో చార్జింగ్ పెట్టి పడుకోవాలంటే టెన్షన్.

నీలగిరి బ్యాటరీ మెకానిక్ · రాత్రి 10:10

మీ భయం సబబే. ఆ మంటల తర్వాతే కేంద్రం రూల్స్ గట్టిచేసింది. ఏఐఎస్ 156 అనే ప్రమాణానికి సవరణలు 2022 డిసెంబర్ నుంచి, మిగతావి 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి. ఒక సెల్లు వేడెక్కి మంట మొదలైతే అది బయటికి వ్యాపించే ముందే బండి హెచ్చరించాలి. సెల్లుల మధ్య దూరం, నీళ్లు పోకుండా సీల్, ఇవన్నీ పరీక్ష చేశాకే అమ్మాలి. కొంటే ఆ తర్వాత తయారైన బండి కొనండి, కంపెనీ ఇచ్చిన చార్జరే వాడండి.

నేను భయపడేది కొత్త బండ్లకు కాదు. పాత బండికి ఎక్కడో చవగ్గా కట్టించిన ప్యాక్‌లకు. మొన్న ఒక స్కూటర్ వచ్చింది. ఒక దుకాణంలో పాత ల్యాప్‌టాప్ సెల్లులు ఏరి ప్యాక్ కట్టారు. సెల్లుల మీద నేరుగా సోల్డరింగ్ చేశారు. ఆ వేడికి లోపలి సీల్ దెబ్బతింటుంది. అక్కడ స్పాట్ వెల్డింగే చేయాలి. బీఎంఎస్ బోర్డుకు టెంపరేచర్ సెన్సర్ వైరు ఉంది, దాని కొస దేనికీ అంటించలేదు, టేపు చుట్టి పక్కన పడేశారు. అంటే ప్యాక్ ఎంత వేడెక్కినా బోర్డుకు తెలియదు. ఆ పిల్లాడు దాన్ని మంచం పక్కన పెట్టి చార్జ్ చేస్తున్నాడు. నేను ఆ ప్యాక్ తిరిగి బిగించలేదు. పైసలు వద్దన్నాను, వాళ్ల నాన్నకు ఫోన్ చేశాను.

దయచేసి ఎవరూ అలాంటివి కొనకండి. తలుపు దగ్గర, మెట్ల కింద చార్జింగ్ పెట్టకండి. మంట వస్తే బయటికి వచ్చే దారి అదే.

వేదిక నిర్వాహకురాలు · రాత్రి 10:25

పై పోస్టులో దుకాణం పేరు ఉంటే తీసేశాను. పేర్లు లేకుండా చెప్పుకుందాం. రైలు ప్రశ్న అలాగే ఉండిపోయింది, రైల్వేలో పనిచేసినవాళ్లు ఎవరైనా?

మాజీ ట్రాక్షన్ · మిర్యాలగూడ · ఏప్రిల్ 21, ఉదయం 7:40

నేను చెప్తాను. దక్షిణ మధ్య రైల్వే ఎలక్ట్రికల్ విభాగంలో 31 ఏళ్లు చేసి రిటైరయ్యాను. తీగ కింద గడిచిన జీవితం. ఆ పాప ప్రశ్న చూడగానే కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాను.

పాపా, ముందు మీ నాన్న ఆటో లెక్క చూడు. 51.2 వోల్టులను 150 ఏహెచ్‌తో, అంటే ఆంపియర్ అవర్లతో, గుణిస్తే 7,680 వాట్ అవర్లు. అంటే ఇంటి మీటర్ భాషలో సుమారు 7.7 యూనిట్లు. ఆ డబ్బా బరువు దాదాపు 60 కిలోలు ఉంటుంది.

ఇప్పుడు మీ స్టేషన్‌లో ఆగే రైలు ఇంజిన్ చూడు. 6 వేల హార్స్‌పవర్‌కు పైనే. తక్కువలో తక్కువ 4,500 కిలోవాట్లు అనుకో. పూర్తి బలంతో ఒక్క గంట లాగితే 4,500 యూనిట్లు. అంటే మీ నాన్న ఆటోలాంటివి 580 ఆటోల బ్యాటరీలు, ఒక్క గంటకే! బరువు 30 టన్నులు దాటుతుంది. ఇంజినే 123 టన్నులు. వాడపల్లి నుంచి సిమెంట్ రేక్ లాగాలన్నా, దామరచర్ల థర్మల్ ప్లాంట్‌కు బొగ్గు తేవాలన్నా ఒక్క గంటతో అయ్యే పని కాదు. ఐదారు గంటలకు బ్యాటరీ వేస్తే ఇంజిన్ లాగాల్సిన మొదటి బరువు ఆ బ్యాటరీయే అవుతుంది.

సరే, మధ్యలో ఆపి చార్జ్ చేద్దాం అనుకో. 4,500 యూనిట్లు 15 నిమిషాల్లో ఎక్కించాలంటే 18 వేల కిలోవాట్లు కావాలి, ఒక్క రైలుకు, ఒక్క ప్లాట్‌ఫాం మీద. ఆ కరెంటు అక్కడిదాకా తేవాలంటే తీగలు వేయాల్సిందే. వేసే తీగలేవో పట్టాల మీదుగానే వేస్తే, రైలు ఆగకుండానే కరెంటు అందుకుంటుంది. మన దగ్గర పైతీగలో ఉండేది 25 వేల వోల్టులు. అది తీగ కాదు, ఖర్చు కాని బ్యాటరీ అని నా ఉద్దేశం. బరువు లేదు, నిండుకోదు.

అలాగని రైలుకు బ్యాటరీ పనికిరాదని అనను. ఇనుప పట్టా మీద ఇనుప చక్రం దొర్లడానికి పట్టే బలం, రోడ్డు మీద టైరుకు పట్టే దానికంటే చాలా తక్కువ. అందుకే తేలికైన రైలు, తక్కువ దూరం, వెళ్లినచోటికే తిరిగిరావడం ఉన్నచోట బ్యాటరీ బ్రహ్మాండంగా నప్పుతుంది. జర్మనీలో 1950ల నుంచి 1995 దాకా సీసం బ్యాటరీలతో ప్యాసింజర్ రైలు పెట్టెలు నడిచాయి, లిథియం పుట్టకముందే. జపాన్‌లో కరసుయామా లైన్ అని 20 కిలోమీటర్ల చిన్న లైన్ ఉంది. తీగ లేదు. 2014 నుంచి అక్కడ బ్యాటరీ రైలు నడుస్తోంది. మెయిన్ లైన్‌లో ఉన్నంతసేపు తీగ నుంచి కరెంటు తీసుకుంటూ బ్యాటరీ నింపుకుంటుంది, చిన్న లైన్‌లోకి రాగానే పాంటోగ్రాఫ్, అంటే రైలు పైన తీగను తాకే చట్రం, దించేసి బ్యాటరీతో పోతుంది. చివరి స్టేషన్‌లో కొద్దిపాటి తీగ ఉంటుంది, అక్కడ మళ్లీ నింపుకుని వెనక్కి వస్తుంది. రెండు పెట్టెల రైలు, 190 యూనిట్ల బ్యాటరీ. మీ నాన్న ఆటోలు 25. ఇప్పుడు లెక్క కుదిరింది చూశావా?

మన దగ్గరా ఉంది. 2020లో జబల్‌పూర్ డివిజన్ వాళ్లు నవదూత్ అనే షంటింగ్ ఇంజిన్ చేశారు, తీగతోనూ బ్యాటరీతోనూ నడుస్తుంది. యార్డులో పెట్టెలు అటూ ఇటూ జరపడం నెమ్మది పని, దూరం లేని పని. బ్యాటరీకి అచ్చంగా సరిపోతుంది.

గద్వాల పాలిటెక్నిక్ · ఉదయం 11:15

సార్, ఒక్క మాట. 2025 ఆగస్టులో బ్రిటన్‌లో ఒక బ్యాటరీ రైలు ఒక్క చార్జింగ్‌తో 200 మైళ్లు దాటింది, అంటే 320 కిలోమీటర్లు. అంత దూరం పోయేదైతే మా గద్వాల నుంచి కాచిగూడకు హాయిగా చేరుతుంది కదా? మీరు 20 కిలోమీటర్ల లైన్ గురించే చెబుతున్నారు.

మాజీ ట్రాక్షన్ · మధ్యాహ్నం 12:30

మంచి ప్రశ్న వేశావు బాబూ. ఆ వార్త నేనూ చదివి సంతోషించాను. అది మూడు పెట్టెల రైలు, రికార్డు కోసం చేసిన పరుగు. రోజువారీ పనికి దాన్ని పెట్టింది లండన్‌లో గ్రీన్‌ఫర్డ్ అనే చిన్న కొమ్మ లైన్ మీద. మన గద్వాల రైలుకు ఎన్ని పెట్టెలు, పండగ రోజు ఒక్కో పెట్టెలో ఎంతమంది నిలబడతారో నీకు తెలుసు. పైగా కాచిగూడ–మహబూబ్‌నగర్ లైన్‌కు తీగ ఇప్పటికే ఉంది. ఉన్న తీగ కింద బరువు మోసుకుంటూ పోవడం ఎందుకు?

మన దేశానికీ వాళ్ల దేశాలకూ తేడా అదే. యూరప్‌లో తీగ లేని చిన్న లైన్లు వేల కిలోమీటర్లు ఉన్నాయి. ఊళ్లలో వంతెనలు, సొరంగాలు పాతవి, తీగ వేయాలంటే వాటిని తవ్వాలి. అక్కడ బ్యాటరీ చవక. మనం బ్రాడ్‌గేజ్ దాదాపు మొత్తానికీ తీగ వేసేశాం. దేవరకద్ర నుంచి కృష్ణా స్టేషన్‌కు కొత్త లైన్ 2023లో పూర్తయినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న తీగ గురించే.

దామరచర్ల వాసి · సాయంత్రం 6:20

అందరూ బ్యాటరీ మంచిదంటున్నారు. మా ఊరి పక్కనే యాదాద్రి థర్మల్ ప్లాంట్. అందులో 5 జనరేటర్లు, ఒక్కోటి 800 మెగావాట్లు. మీ ఆటోలకు, రైళ్లకు కరెంటు మా ఊళ్లో బొగ్గు కాల్చే కదా వచ్చేది? పాలమూరులో పొగ తగ్గి మా దగ్గర పెరిగితే అది మేలెలా అవుతుంది? ఇది కోపంతో అడగడం లేదు, నిజంగా తెలుసుకోవాలని.

వనపర్తి ఫిజిక్స్ · రాత్రి 8:45

మీరు అడిగింది అడగాల్సిన ప్రశ్నే. లెక్క ఉన్నదున్నట్టు చెబుతాను. ఆటో ఇంజిన్‌లో పోసిన ఇంధనంలో చక్రం దాకా చేరేది నాలుగో వంతు, మిగతాది వేడిగా పోతుంది. పెద్ద థర్మల్ ప్లాంట్ బొగ్గులోని శక్తిలో మూడో వంతుకు పైగా కరెంటుగా మారుస్తుంది. దారిలో, చార్జింగ్‌లో, మోటార్‌లో కొంత పోయినా చివరికి లెక్క ఇంచుమించు సమానంగానో, కాస్త మేలుగానో తేలుతుంది. అంటే బొగ్గు కరెంటుతో నడిపితే గాలికి పెద్ద లాభం లేదు. ఊరి మధ్య పొగ తగ్గుతుంది, కానీ ఆ బరువు మీ ఊరి మీద పడుతుంది. అది నిజం, దాన్ని దాచి బ్యాటరీని పొగడకూడదు.

లాభం సోలార్ కరెంటుతోనే వస్తుంది. మన ప్రాంతంలో దానికి కొదవ లేదు. చిక్కల్లా అది పగలే వస్తుంది, ఆటోలు చార్జ్ అయ్యేది రాత్రి. దాన్ని దాచాలి. దాచడానికి మనకు పెద్ద బ్యాటరీ ఒకటి ముందే ఉందని చాలామందికి తెలియదు. నాగార్జునసాగర్! అక్కడి 8 టర్బైన్లలో 7 వెనక్కి కూడా తిరుగుతాయి. కరెంటు మిగిలినప్పుడు కింది నీళ్లను పైకి ఎత్తి, అవసరమైనప్పుడు మళ్లీ వదిలి కరెంటు తీస్తారు. ఒక్కోటి 100 మెగావాట్లు. శ్రీశైలం ఎడమగట్టులో 150 మెగావాట్లవి 6, అవీ అలాంటివే. అమ్మమ్మ ఊరు హాలియా కాబట్టి సాగర్‌ను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను. నీళ్లు కిందికి దూకడమే చూశాను, అవి వెనక్కి ఎక్కుతాయని ఎమ్మెస్సీలో చదివినప్పుడు ఆశ్చర్యపోయాను.

దామరచర్ల వాసి · రాత్రి 9:10

ఉన్నది ఉన్నట్టు చెప్పినందుకు థాంక్స్ మేడం.

దివిటిపల్లి పక్కూరు · ఏప్రిల్ 23, రాత్రి 9:33

మా ఊరి పక్కన అమర రాజా కంపెనీ బ్యాటరీ సెల్లుల ఫ్యాక్టరీ, గిగా కారిడార్ అంటున్నారు, వస్తోంది కదా. 2022 డిసెంబర్‌లో ఒప్పందం, 2023 మేలో శంకుస్థాపన. పదేళ్లలో 9,500 కోట్లు, 16 గిగావాట్ అవర్ల సెల్లులు అన్నారు. ఈ గిగావాట్ అంటే ఎంతో మా ఊళ్లో ఎవరికీ అర్థం కాలేదు. ఇంకో ప్రశ్న, ఐటీఐ చదివిన మా తమ్ముడికి అందులో ఏం పని ఉంటుంది?

వనపర్తి ఫిజిక్స్ · రాత్రి 10:02

16 గిగావాట్ అవర్లంటే 1 కోటి 60 లక్షల యూనిట్లు దాచుకోగల సెల్లులు, ఏడాదికి. ఈ చర్చ మొదలుపెట్టిన తమ్ముడి ఆటో బ్యాటరీని 8 యూనిట్లు అనుకుంటే 20 లక్షల ఆటోలకు సరిపోతుంది. అనుకున్న పూర్తి సామర్థ్యం అది, మొదటి రోజు నుంచీ అంత రాదు.

పని గురించి: సెల్లు తయారీలో తేమ పెద్ద శత్రువు. లిథియం ఉప్పుకు నీళ్లు తగిలితే చెడిపోతుంది. అందుకే కొన్ని గదుల్లో గాలిలో తేమ దాదాపు లేకుండా ఆరబెడతారు, లోపల మనిషి వదిలే ఊపిరి తేమను కూడా లెక్కలోకి తీసుకుంటారు. రేకులకు పూత పూసే మెషిన్లు, చుట్టే మెషిన్లు, వెల్డింగ్, టెస్టింగ్, ఆ గదుల ఏసీలు, వీటన్నిటికీ ఎలక్ట్రీషియన్, ఫిట్టర్, ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ కావాలి. తమ్ముణ్ని ఆ ట్రేడ్‌లలో గట్టిగా నేర్చుకోమనండి. హైదరాబాద్‌లో బాలాపూర్ దగ్గర ఏఆర్‌సీఐ అనే కేంద్ర పరిశోధన సంస్థ ఎల్ఎఫ్‌పీ పొడిని మన దేశంలోనే తయారుచేసే పద్ధతి కనిపెట్టింది. గంటన్నర దూరంలో ఇంత పని జరుగుతోంది, మన పిల్లలకు తెలియాలి.

డిండి రైతు · ఏప్రిల్ 24, ఉదయం 6:30

పాత బ్యాటరీలు ఏం చేస్తారు? ట్రాక్టర్ బ్యాటరీ పోతే పాత సామాన్ల వాడు మంచి ధరకే తీసుకుంటాడు.

నీలగిరి బ్యాటరీ మెకానిక్ · ఉదయం 9:15

ట్రాక్టర్‌ది సీసం బ్యాటరీ. సీసం కరిగించి మళ్లీ వాడతారు కాబట్టి ధర పలుకుతుంది. లిథియం ప్యాక్ మాత్రం పాత ఇనుము కొట్టుకు ఇవ్వకండి, బతిమాలుతున్నా. వాళ్లు సుత్తితో పగలగొడతారు, లోపల చార్జింగ్ ఉంటే అక్కడే అంటుకుంటుంది. 2022లో వచ్చిన బ్యాటరీ వేస్ట్ రూల్స్ ప్రకారం అమ్మిన కంపెనీయే పాతవి వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించాలి. షోరూంలో గట్టిగా అడగండి, రసీదు తీసుకోండి. ఆటోకు చాలని ఎల్ఎఫ్‌పీ ప్యాక్ ఇంట్లో ఇన్వర్టర్‌కు ఇంకొన్నేళ్లు పనికొస్తుంది, కానీ అది తెలిసినవాడి చేత్తో, సెల్లు సెల్లు పరీక్షించాకే.

పాలమూరు ఆటో · మే 3, రాత్రి 9:50

అందరికీ దండం. చెప్పిన మాట తప్పకుండా చేశాను. మధ్యాహ్నం బండిని ఇంటి ముందు వేపచెట్టు కింద పెట్టి, రాత్రి 9కి చార్జింగ్ పెట్టి, పొద్దున 5కి తీశాను. మొదటి మూడు రోజులు ఏ తేడా లేదు, లోపల్లోపల భయపడ్డా. నాలుగో రోజు 16 శాతం దగ్గర ఆగింది. ఏడో రోజు 9 దాకా వచ్చింది. టైర్లలో గాలి చూపిస్తే వెనక రెండిట్లోనూ తక్కువే ఉంది, నింపించా. నిన్న 101 కిలోమీటర్లు తిరిగి ఇంటికొచ్చా, మీటర్‌లో ఇంకా 7 ఉంది, బండి ఆగలేదు. మెకానిక్ అన్నా, నల్గొండ వచ్చినప్పుడు తప్పకుండా కలుస్తా.

ట్రాక్షన్ సార్, మీ 580 ఆటోల లెక్క మా పాప నోట్‌బుక్‌లో రాసుకుంది. ఇవాళ స్టేషన్ దగ్గర మళ్లీ అడిగింది: "బ్రేక్ వేస్తే మన ఆటో బ్యాటరీలోకి కొంచెం కరెంటు తిరిగొస్తుంది కదా నాన్నా, రైలుకు బ్యాటరీ లేదు, మరి దాని కరెంటు ఎటు పోతుంది?"

మాజీ ట్రాక్షన్ · రాత్రి 10:15

తీగలోకే పోతుంది తల్లీ. ఇప్పటి త్రీ ఫేజ్ ఇంజిన్లలో బ్రేక్ వేస్తే మోటార్లు జనరేటర్లుగా మారతాయి. ఆ కరెంటు పాంటోగ్రాఫ్ గుండా పైతీగలోకి ఎక్కుతుంది. అదే సెక్షన్‌లో ఇంకో రైలు బయల్దేరుతుంటే అది వాడుకుంటుంది. ఎవరూ లేకపోతే సబ్‌స్టేషన్ గుండా గ్రిడ్‌లోకి పోతుంది. జడ్చర్ల వైపు దిగుడు మీద వచ్చే గూడ్స్ బ్రేక్ వేసినప్పుడు, మీ స్టేషన్ నుంచి కదిలే ప్యాసింజర్‌కు అందులో కొంత అందవచ్చు. ఈసారి రెండు రైళ్లూ ఒకేసారి కనబడితే చూడు.